రూపాయలు వేలలో

మా ఊరికీ బడికీ మధ్య వంక అడ్డం. నాలుగు చినుకులు పడితే అది పొంగి, ఆడపిల్లలు బడి మానడమే. వంతెన కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టాం. అసెంబ్లీలో బడ్జెట్ పెట్టిన మర్నాడు ఆదోనిలోని మా ఇంజనీర్ల ఆఫీసులో, పద్దుల పుస్తకం కంప్యూటర్లో తెరిస్తే మా వంక పేరు కనిపించింది. పక్కన అంకె: 1. సీనియర్ అసిస్టెంటునన్న మాటేగానీ నాకు నోరాగదు. వెంటనే ఊళ్లో ఉన్న చిన్నాయనకు ఫోన్ చేసి, "మన వంతెనకు ఒకటి రాసినారు సిన్నాయనా!" అని అరిచాను.

ఫోన్ పెట్టేశాక చూశాను, పేజీ పైన చిన్న అక్షరాలు. రూపాయలు వేలలో.

అంటే వెయ్యి రూపాయలు! పునాదికి ముగ్గు పోయించడానికైనా చాలవు. పద్దు తెరిచి ఉంచడానికి వేసే నామమాత్రపు అంకె అది. ద్రవ్య వినిమయ బిల్లు పాసయ్యాక, ఏడాది మధ్యలో అనుబంధ పద్దుల్లో అసలు డబ్బు అడగొచ్చు. ఇస్తారన్న నమ్మకం లేదు. అడగాలన్నా వంతెన దారికి భూమి ఇస్తామన్న కాగితం జతచేయాలి. ఆ భూమి చిన్నాయనది, వంక పక్క మిరపచేను.

ఆదివారం ఎమ్మిగనూరులో ఆటో ఎక్కి ఊరు చేరేసరికి ఒకటి కాస్తా కోటి అయి కూర్చుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు వంతెనకు పేరు కూడా పెట్టేశారు. చిన్నాయన పెన్ను పట్టుకుని ఎదురొచ్చాడు.

"పది సెంట్లు పోతే పోనీలే పాపా. యాడ పెట్టల్ల సంతకం? నీ మాట మీదనే ఇస్తాండా."

వెయ్యి అంటే ఆయన పెన్ను జేబులో పెట్టుకుంటాడు. కాగితం లేకపోతే వచ్చే ఏడు మార్చి ఆఖరుకు పద్దు మురిగిపోతుంది. చుట్టూ బడిపిల్లలు నవ్వుతూ చూస్తున్నారు. నా నోట్లో మన్ను బొయ్య, చెప్పలేకపోయాను.

"ఈడ, సిన్నాయనా," అని వేలు పెట్టి చూపించాను.

ఆయన అంతటితో ఆగలేదు. కాపు మీదున్న మిరపచెట్లు తానే పీకి పది సెంట్లూ చదును చేశాడట. ఆ మాట విన్నప్పటి నుంచి ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. అనుబంధ పద్దులు సభలో పాసయ్యాయి. ఆ జాబితాను మూడుసార్లు చదివాను. మా వంక లేదు. మార్చి దాటింది, ఉన్న వెయ్యీ మురిగింది.

ఇంక దాచలేక ఊరికి వెళ్లి మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"సంతకం పెట్టిన ఆ పొద్దే నీకు తెల్సా?"

"తెల్సు సిన్నాయనా."

చదును చేసిన నేల వైపు తిరిగాడు.

"పుస్తకంలో వాళ్లు నిజమే రాసినారు గదా పాపా," అన్నాడు. "దాసింది నువ్వే."