అమ్మ చెమట ఆరేదాకా...

మా చిన్నప్పుడు... చర్లలో మా ఇంటి ముందు అమ్మ సైకిల్ ఎక్కిందంటే వెనక ఎర్రటి దుమ్ము లేచేది. అడవిలో ఒక గూడెం బడికి అమ్మ కొత్తగా టీచర్. బస్సు లేదు... దారంతా గుంతలు, ఎత్తులు.

అమ్మ చేరింది మిరప ఏరే రోజుల్లో. మొదటిరోజు తలకు తువ్వాలు చుట్టుకుని, జాకెట్టు తడిసి ముద్దయి, ఆయాసపడుతూ గూడెం చేరింది. మొదటి ఇంట్లో ఉండే ఆదెమ్మ అనే పెద్దావిడ అమ్మను చూసి, "మిరపకాయలు ఏరనీకి వచ్చినవా బిడ్డా? చేను గటు ఉన్నది. జల్దీ పో, కూలోళ్ళు ఎప్పుడో పోయిండ్రు" అన్నదట!

ఇంటికొచ్చి చెబుతూ అమ్మ నవ్వింది కానీ, ఆ మాట లోపల గుచ్చుకుంది. "నన్ను టీచర్ అనుకుంటేనే కదా పిల్లల్ని బడికి పంపేది? పిల్లలు రాకపోతే నా ఉద్యోగం ఉంటదా?" అంది నాన్నతో.

మర్నాటి నుంచి పాత చీరలో సైకిల్ తొక్కేది. సంచిలో ఇస్త్రీ చేసిన నూలుచీర, సబ్బుపెట్టె, దువ్వెన, పౌడర్ డబ్బా... సంగతి తెలిసి నాలుక కరుచుకున్న ఆదెమ్మే, తన ఇంటి తడిక చాటున రోజూ బకెట్ నీళ్ళు పెట్టేది.

ఆ ముస్తాబు చూసి తీరాలి! పదో తరగతి పరీక్షలకని మా హైస్కూలుకు సెలవిస్తే నేనూ వెనక క్యారియర్ ఎక్కేదాన్ని. అమ్మ ఒళ్ళు తుడుచుకుని, చీర మార్చుకుని, అరుగు మీద ఊరికే కూర్చునేది. తొందరపెడితే, "ఆగు. చెమట ఆరకముందే పౌడర్ రాస్తే గోడకు సున్నం కొట్టినట్టుంటది" అనేది. ఆదెమ్మ ఎగాదిగా చూసి, "అవ్, ఇప్పుడు పంతులమ్మవు" అన్నాకే లేచేది. అక్కణ్ణుంచి బడిదాకా సైకిల్ నడిపించుకుంటూనే పోయేది... మళ్ళీ చెమట పట్టకుండా.

ఒకరోజు మేం వెళ్ళేసరికి ఆదెమ్మ ఇప్పపువ్వు ఏరడానికి పోయింది. బకెట్ బోర్లించి ఉంది. బోరింగేమో చెడిపోయింది. బడి టైమైపోతోంది. అమ్మ ఆ దుమ్ముతో, చెమటతో అలాగే బయల్దేరింది. మళ్ళీ ఎవరైనా చేనుకు పొమ్మంటారేమోనని నాకు ఒకటే భయం...

పిల్లలు ఉరికొచ్చారు. ఒక చిన్నపిల్ల "కూసో టీచర్, మొత్తం తడిసినవ్" అంటూ పలకతో విసరడం మొదలుపెట్టింది. దాన్ని చూసి మిగతావాళ్ళూ పలకలు తీశారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఏమైందని అడిగితే "చెమటలే" అంది.

అయినా మర్నాడు మళ్ళీ సంచి సర్దుకుంది. "అందరూ పలకలతో విసురుకుంట కూసుంటే అక్షరాలు ఎవరు దిద్దుతరు?" అని.

సాయంత్రం మాత్రం పాత చీరలో, చెమటతోనే ఇంటికొచ్చేది. ఎదురు పరిగెత్తి నడుము చుట్టేసేదాన్ని. "ఆగు బిడ్డా, అంతా చెమట... స్నానం చేసొస్తా" అనేది. నేను వింటేగా! పౌడర్ వాసన బడివాళ్ళకిచ్చేశాను... ఆ చెమట వాసన మాత్రం నాది.

ఇప్పుడు హైదరాబాదులో నేనూ ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్తున్నాను. అక్కడ షవర్ ఉంది. అయినా ఫ్యాన్ కింద కూర్చుని, చెమట ఆరాకే పౌడర్ రాసుకుంటాను.

అమ్మ లేదు. ఆ పాత చీర నా బీరువాలో ఉంది. బెంగపుట్టినప్పుడల్లా తీసి మొహానికి ఆనించుకుంటాను... సబ్బు వాసనే వస్తుంది. ఒక్క చీరైనా ఉతక్కుండా దాచుకోవాల్సింది.

మీ అమ్మ పని నుంచి ఇంటికొస్తే ఏ వాసన వచ్చేది? గుర్తుంటే చెప్పండి...