మూడు రోజుల పథ్యం

రేపు పరగడుపున రక్తపరీక్షకు రమ్మని ఇచ్చిన చీటీ నా జేబులో ఉంది. దాన్ని తాకినప్పుడల్లా నాయన గుర్తొస్తాడు. ఇన్నేళ్లయినా ఒళ్లు మండుతుంది.

చిత్తూరు మామిడి మండీలో ఆయన దళారి. ముక్క కోసి నాలుక మీద పెట్టుకుంటే చాలు, ఆ కాయ ఏ తోటదో, దానికి ఆఖరి తడి ఏ వారం పెట్టారో, ఆ రైతూ పెళ్లామూ మాట్లాడుకుంటున్నారో లేదో కూడా చెప్పేవాడు. (చివరిది నేను కలిపిందే.) అలాంటి మనిషికి అరవై దాటాక షుగరొచ్చింది. మామిడి మానమంటే, "తినడం లేదు, రుచి సూస్తా ఉండా" అనేవాడు. రోజుకు పాతిక కాయల రుచి! ఆయన చెప్పులు విడిచిన చోట చీమలు బారులు తీరేవి.

నెలనెలా పరీక్షకు మాత్రం పదో తరగతి పిల్లాడిలా తయారయ్యేవాడు. మూడు రోజుల ముందు నుంచీ పూటకు నిమ్మకాయంత రాగిసంగటి, ఇంత కాకరకాయ కూర, తెల్లారకముందే కోర్టు దాకా నడక. రిపోర్టు చూసి డాక్టరు మురిసిపోయి మాత్రలు తగ్గించేవాడు. ఈయన బయటికి రాగానే ఎదురుగా బండి మీద బేనీషా మామిడి కోయించేవాడు.

"పాసైనాం కదా అబ్బోడా!"

"నాయనా, జబ్బు తగ్గాలనా, డాక్టరు శభాష్ అనాలనా?" అని అరిచేవాణ్ణి.

"ఆయప్ప అంత చదువు చదివి మందు రాసినాడు. పని చెయ్యలేదంటే మనసు నొచ్చుకోడా?"

ఒక వేసవిలో కొత్త చెప్పు కరిచి ఎడమకాలి చిటికెన వేలు పుండైంది. అమ్మ రోజూ కడిగి పొడి అద్దేది. నెల తిరిగినా మానలేదు, పైగా నల్లబడసాగింది. రిపోర్టులేమో బంగారం! డాక్టరుకు అంతుపట్టక తిరుపతికి పంపాడు. అక్కడి డాక్టరమ్మ, మూడు నెలల చక్కెరను ఒక్క బొట్టులో చెప్పేసే పరీక్ష రాసింది. దాని రిపోర్టు చూసి కళ్లద్దాలు తీసింది.

"పెద్దాయనా, మూడు నెలలుగా ఏం తింటా ఉండావు?"

నాయన నా వైపు తిరిగాడు. "ఇదేం అన్యాయం అబ్బోడా! పోయిన నెల్లో తినింది నెత్తురుకెందుకు గుర్తుండాల?"

"నిజం ముందే చెప్పుంటే మందుతో పోయేది. ఇప్పుడు వేలు తియ్యాల. ఇంకా దాస్తే పాదం పోతాది," అందామె.

అమ్మ గోడకేసి తిరిగి, "నేను సెప్తే ఇనే మనిషా?" అని కళ్లు తుడుచుకుంది. తిట్టాలని ఎన్నో మాటలు దాచుకున్నాను గానీ, ఆయన తన వేలికేసి చూసుకుంటుంటే వంగి ఆ కాలి కింద నా తువ్వాలు మడిచి పెట్టాను.

వేలు పోయింది, పాదం మిగిలింది. ఆ తరువాత మండీలో కాయ కోసి, వాసన చూసి, ముక్క నా చేతిలో పెట్టేవాడు. నేను నములుతుంటే నా నోటికేసి చూస్తూ, "ఎట్లుండాది?" అని అడిగేవాడు. ఎంత తియ్యగా ఉన్నా "పులుపే నాయనా" అనేవాణ్ణి. నమ్మినట్టే తలాడించేవాడు.

ఆ రుచి చూసే పని నాకు దక్కింది, వెనకాలే షుగరూ వచ్చింది. రేపటి చీటీలో ఆ మూడు నెలల పరీక్ష కూడా ఉంది. అన్నీ తెలిసి కూడా నేను మూడు రోజులుగా సంగటి, కాకరకాయే తింటున్నాను. నా కంచం చూసి మా ఆవిడ నవ్వి పోయింది. రేపటికి ముందు మూడు రోజులను ఎలాగోలా దిద్దుకోవచ్చు. గడిచిపోయిన నెలలకు పథ్యం పెట్టడం నాయనకే చేతకాలేదు.