తొంభై ఎనిమిదికి పెట్టని సంతకం

చరిత్ర పుస్తకాలు పట్టాభిషేకాలకూ సంధిపత్రాలకూ ఇచ్చిన చోటులో పిసరంతైనా ఒక చిన్న ఉద్యోగిని ఊపిరి బిగబట్టడానికి ఇవ్వలేదు. ఆ లోటు ఇక్కడ తీర్చక తప్పదు. పందొమ్మిదేళ్లుగా, ప్రతి సోమవారం, ప్రతి గురువారం, ఉదయం తొమ్మిదింటికి, ఆరోగ్యకేంద్రం మేడ మీదున్న గాలి యంత్రం మూత ఎత్తి తెల్ల కాగితం పరిచేటప్పుడు ఆమె పదకొండు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి తీసుకోదు. ఇలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, నియమావళిలోనూ లేదు. తన ఊపిరి కాగితం మీద పడితే ఊరి గాలి లెక్కలో తన సొంత గాలి కలిసిపోతుందేమోనని ఆమె అనుమానం. మొదటి ఏడాది ఆ పనికి ఇరవై అంకెలు పట్టేదట. చెయ్యి తిరిగిన కొద్దీ పదకొండుకు దిగింది. మనుషులు ఇంతకన్నా చిన్న విజయాలకు విగ్రహాలు పెట్టించుకున్నారు.

కాలుష్య నియంత్రణ కార్యాలయం జీతాల పట్టీలో ఆమె క్షేత్ర సహాయకురాలు. మిగతా లోకానికి ఫిల్టరమ్మ. యంత్రం చూడ్డానికి కాళ్లున్న రేకుపెట్టెలా ఉంటుంది. ఒక పగలూ ఒక రాత్రీ గాలిని లాగి కాగితం గుండా పంపిస్తుంది. మల్లెపువ్వులా పైకెళ్లిన కాగితం మసిగుడ్డలా కిందికొస్తుంది. ముందు తూచిన బరువుకూ తరవాత తూచిన బరువుకూ ఉన్న తేడాయే దుమ్ము. దాన్ని లాగిన గాలితో భాగిస్తే ఒక అంకె వస్తుంది. ఆ అంకె వంద దాటకూడదని చట్టం. దాటుతుందని ఫిల్టరమ్మకు యంత్రం చెప్పక్కర్లేదు. ఆమె ఇల్లు ఇనుము కరిగించే ఫ్యాక్టరీకి వెనక రెండో సందులో ఉంది. భర్త దర్జీ, ఆసుపత్రి వాళ్లకు తెల్ల కోట్లు కుడతాడు. పొద్దున తెల్లగా కత్తిరించిన కోటుకు సాయంత్రం గుండీలు కుట్టే వేళకు కాలరు బూడిదరంగు తిరిగేది. కుట్టుకూలి తీసుకుంటూనే ఉతుకు కూలి తానే పెట్టుకునే దర్జీ ఆ వృత్తి చరిత్రలో ఇతనొక్కడే.

ఆ ఊరి గాలి గురించి ముగ్గురు పెద్దమనుషులు ఆరేళ్లుగా పోట్లాడుకుంటున్నారు. విశ్వవిద్యాలయం ప్రొఫెసరు గాలి పాడైందని వ్యాసాలు రాసేవాడు. ఫ్యాక్టరీ మేనేజరు ఆ వ్యాసాలే పాడైనవని ఉత్తరాలు రాసేవాడు. కాలుష్య కార్యాలయం అధికారి రెండింటికీ 'మీ లేఖ అందినది' అని జవాబు రాసేవాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న స్థితిలో ఆయన జుట్టు సగం రాలింది. చివరికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది: ముగ్గురూ ఒక కమిటీగా కూర్చుని, ముగ్గురి యంత్రాలూ ఒకే మేడ మీద పెట్టి, ఒకే అంకె తేల్చండి.

మూడు యంత్రాలూ పక్కపక్కన నిలబడ్డాయి. మేడకు యాభైరెండు మెట్లు. ఎవరి కాగితాలు వాళ్ల మనుషులే మార్చుకోవాలని ముందు అనుకున్నారు గానీ, రెండో వారానికే ప్రొఫెసరు శిష్యుడికి మోకాలూ, ఫ్యాక్టరీ మనిషికి నడుమూ పట్టేశాయి. ఆరేళ్లలో ఒక్క కామా దగ్గర కూడా ఏకాభిప్రాయానికి రాని కమిటీ, మూడు కాగితాలూ ఫిల్టరమ్మే మార్చాలని రెండు నిమిషాల్లో తీర్మానించింది. తీర్మానం పకడ్బందీగా ఉండాలని, తుది ప్రకటనలో తమ మూడు సంతకాల కింద 'కాగితం మార్చినవారు' అని నాలుగో గీత కూడా గీయించింది. పిల్లిని చంకన పెట్టుకుని పెళ్లికి బయల్దేరినట్టని అప్పుడు ఎవరికీ తోచలేదు.

మూడు నెలల కాగితాలు ఎవరి ప్రయోగశాలలో వాళ్లు తూచుకున్నారు. కార్యాలయం లెక్క నూట ముప్పై ఎనిమిది. విశ్వవిద్యాలయం లెక్క నూట ముప్పై రెండు. ఫ్యాక్టరీ లెక్క ఇరవై నాలుగు.

ఇరవై నాలుగంటే కొండ మీద మేకలు కూడా అసూయపడే గాలి. అధికారి ఒక రోజంతా ఆలోచించి, మూడింటినీ కూడి మూడుతో భాగించాడు. తొంభై ఎనిమిది వచ్చింది. అందరినీ కలుపుకుపోవడమంటే ఇదేనని ఆయన ముచ్చటపడ్డాడు. ప్రొఫెసరు కాసేపు గొణిగాడు. కానీ మూడు వర్గాలు ఒకే బల్ల దగ్గర కూర్చోవడమే గొప్ప, ఇప్పుడు లేచిపోతే మళ్లీ ఆరేళ్లు ఉత్తరాలే అనుకుని కలం తీశాడు. మేనేజరైతే సంతకం తరవాత పెట్టాడు, కరచాలనం ముందే చేశాడు. వంద దాటలేదు కాబట్టి ఫ్యాక్టరీలో రెండో కొలిమికి అనుమతి వస్తుంది. వంద దాటని చోట యంత్రం అక్కర్లేదు కాబట్టి మేడ మీది రేకుపెట్టె వేరే ఊరికి పోతుంది. అంటే సందు మీద దుమ్ము రెండింతలవుతుంది, అయిందని చెప్పే నాథుడు ఉండడు.

మిగిలింది నాలుగో గీత. ఫిల్టరమ్మను పిలిపించారు. ఆమె కాగితం రెండుసార్లు చదివి, కలం ముట్టుకోకుండా బల్ల మీద పెట్టింది.

"మూడు గడియారాల్లో ఒకటి ఆగిపోతే, మూడూ కలిపి సగటు తీసి బస్సుకెళ్తామా సార్?"

అధికారి నవ్వాడు. తరవాత నవ్వడం మానేసి, ఆమె పని కాగితం మార్చడమేనని గుర్తుచేశాడు.

"అవును సార్. నేను మార్చిన కాగితాల్లో ఒక్కటీ తొంభై ఎనిమిది అనలేదు."

ఆయన గొంతు మెత్తబరిచి, కిందికి పోతే నేలమాళిగలో రికార్డు గది ఉందనీ, అక్కడ మనిషి అవసరం చాలా ఉందనీ, మెట్లెక్కే శ్రమ కూడా తప్పుతుందనీ సెలవిచ్చాడు. బెదిరింపును ఇంత ఆప్యాయంగా చెప్పడం పాతికేళ్ల సర్వీసు మీదగానీ రాదు.

"పంపండి సార్. ఈ కాగితం దాఖలుకు వచ్చేది ఆ గదికేగా. నాలుగో సంతకం ఏదని అక్కడ అడిగేదాన్నీ నేనే అవుతాను."

ఆమె నమస్కారం పెట్టి వచ్చేసింది.

ఉత్తర్వులతో కానిది చుట్టరికంతో అవుతుందని మేనేజరు నమ్మకం. ఫిల్టరమ్మ మరిది ఆ ఫ్యాక్టరీ ప్రయోగశాలలోనే పనిచేస్తాడు. ఇరవై నాలుగు తూచింది అతనే. రెండో కొలిమి వస్తే ప్రయోగశాలకు అతనే పెద్ద అని మేనేజరు మాట కూడా ఇచ్చాడు. సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని మరిది రాయబారం మొదలుపెట్టాడు. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. భర్త పక్కగదిలో కాలరు ఉతుకుతున్నాడు.

"వదినా, నీ సంతకం ఏమన్నా రాజముద్రా? గీకి పడేస్తే పోలా?"

"పోతుంది నాయనా. పోయింది తిరిగి రాదు. అవునుగానీ, ఆ ఇరవై నాలుగు నీకెక్కడ దొరికింది?"

మరిదికి పౌరుషం వచ్చింది. తన తూకం ఎలా సాగుతుందో అక్కడికక్కడే వివరించాడు. కొత్త కాగితాల పెట్టె కొలిమిని చల్లార్చే నీళ్ల తొట్టి పక్క గదిలో ఉంటుంది. అందులోంచి తీసి తీయగానే తూస్తాడు. మేడ మీదినుంచి తిరిగొచ్చిన కాగితాన్ని రెండు గంటలు వేడి పెట్టెలో ఉంచి మళ్లీ తూస్తాడు. పొద్దున వచ్చిన కాగితానికి మధ్యాహ్నానికల్లా లెక్క తేలాలని మేనేజరు సర్క్యులరు. కార్యాలయంలో కాగితాన్ని ముందూ వెనకా ఒక పగలూ రాత్రీ పొడిగదిలో ఊరికే పడుకోబెడతారనీ, ప్రభుత్వం వాళ్లకు కాగితాలను కూడా నిద్రపుచ్చడం అలవాటనీ ఒక చురక అంటించాడు.

ఆమె కత్తి పక్కన పెట్టింది.

"తలంటుకున్నాక తడిజుట్టు తూచి, ఆరాక మళ్లీ తూచి, పేలు తగ్గిపోయాయన్నట్టుంది నీ లెక్క."

మరిది నవ్వబోయి, సగంలో ఆగాడు. తొట్టి పక్కన కాగితం తేమ తాగుతుంది. వేడి పెట్టెలో ఆ తేమ పోతుంది. పోయిన తేమ బరువు దుమ్ము బరువును మింగేస్తుంది. ఒకరోజు లెక్క సున్నా కంటే తక్కువ వస్తే తనే సున్నా వేసిన సంగతి అతనికి గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. తను పనిగట్టుకుని చెప్పననీ, కొత్త కాగితమే చెబుతుందనీ ఆమె అంది.

"నువ్వు ముందు నోరు విప్పితే పొరపాటంటారు. దానంతటదే బయటపడితే దొంగతనమంటారు. ఏదనిపించుకుంటావో నీ ఇష్టం."

నియమావళి నలభై రెండో పేజీలో ఖాళీ కాగితం పరీక్ష అని ఒకటుంది. తూచిన కొత్త కాగితాన్ని మేడ మీదికి తీసుకెళ్లాలి. యంత్రంలో పెట్టకుండానే కిందికి తెచ్చి మళ్లీ తూయించాలి. గాలి తగలని కాగితం కాబట్టి తేడా ఉండకూడదు. నెలకోసారి చెయ్యాల్సిన ఈ పరీక్షను కమిటీ హడావుడిలో అందరూ మరిచారు. ఫిల్టరమ్మ కూడా మరిచింది. మూడు నెలలు మూడు యంత్రాల కాగితాలతో మెట్లెక్కి దిగడంలో తనకూ గుర్తు రాలేదని, ఆ తప్పు తనదేనని, ముగ్గురికీ రాసిన చీటీలో మొదటి వాక్యంగా రాసింది. రెండో వాక్యంలో ఈ గురువారం ఒక్కొక్కరు ఒక్కో కాగితం ఎక్కువ పంపమంది. ఎవరూ కాదనలేదు. కాదనాలంటే నలభై రెండో పేజీ చదవాలి.

గురువారం మూడు ఖాళీ కాగితాలు కవర్లలో యాభైరెండు మెట్లెక్కి, ఏమీ చూడకుండా యాభైరెండు మెట్లు దిగాయి.

మరుసటి బుధవారం కమిటీ కూర్చుంది. ఈసారి ఎవరి ప్రయోగశాల మనిషిని వాళ్లు వెంటపెట్టుకొచ్చారు. ఫిల్టరమ్మ కుర్చీ లేదు కాబట్టి నిలబడింది. తొందరగా ముగించే ఉద్దేశంతో అధికారి ఖాళీ కాగితాల ఫలితాలు గట్టిగా చదివాడు. కార్యాలయం: ఒకటి. విశ్వవిద్యాలయం: సున్నాకు రెండు తక్కువ. ఫ్యాక్టరీ: సున్నాకు నూట పదకొండు తక్కువ. చదివాక ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. అంకె మారలేదు.

మేనేజరు ఆ అంకెను కూడా సమర్థించబోయాడు. దున్నపోతు ఈనిందంటే దూడ మేలుజాతిదేనన్నట్టు, తమ కాగితాలు నాణ్యమైనవని మొదలుపెట్టాడు.

"నిజమే సార్," అంది ఫిల్టరమ్మ. "గాలి మొహం చూడకుండానే గాలిని కడిగేసింది మీ కాగితం. ఇక చిమ్నీలో దుమ్ము పట్టే సంచులెందుకు? సందుకొక కాగితం వేలాడగడితే సరిపోతుంది."

ప్రొఫెసరుకు దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది. అప్పుడు బల్ల చివరనుంచి మరిది లేచాడు. మొహం కాగితం కన్నా తెల్లగా ఉంది. తొట్టి పక్క గది సంగతీ, వేడి పెట్టె సంగతీ, తను వేసిన సున్నా సంగతీ చెప్పి, మధ్యాహ్నానికల్లా లెక్క కావాలన్న సర్క్యులరు తీసి బల్ల మీద పెట్టాడు. కింద మేనేజరు సంతకం ఉంది. అందంగా, పెద్దగా, చివర ఒక మెలికతో ఉంది.

అధికారి ఫిల్టరమ్మ వైపు తిరిగి, ఇప్పుడేమంటావన్నట్టు చూశాడు. ఆమె తొంభై ఎనిమిది ఉన్న ప్రకటనను తీసి ఆయన ముందుకు జరిపింది.

"దీని మీద నేను ఇవాళా పెట్టను. రేపూ పెట్టను. ఆ ఇరవై నాలుగు కొట్టేసి మళ్లీ రాయండి, మీ అందరికన్నా ముందు నేను పెడతాను."

ముందు ప్రొఫెసరు కలం తీశాడు. ఈ మాట తను మూడు వారాల కిందట అనాల్సిందని ఒప్పుకుని, తన సంతకం తనే కొట్టేశాడు. ఇరవై నాలుగు పోయింది. నూట ముప్పై ఐదు అధికారిక అంకె అయింది. నాలుగో గీత మీద మొదటి సంతకం పడింది. ఇకమీదట మూడు పక్షాల కాగితాలూ విశ్వవిద్యాలయం పొడిగదిలో ఒకే చోట పడుకోవాలని, ముగ్గురి మనుషులూ కలిసి తూచాలని, ఫ్యాక్టరీ చిమ్నీలో చిరిగిన దుమ్ము సంచులు మార్చాలని, అంతవరకు రెండో కొలిమి ఊసు ఎత్తకూడదని రాసుకున్నారు. రికార్డు గదిలో మనిషి అవసరం ఉన్నట్టుండి తీరిపోయింది. మరిది ఉద్యోగం సర్క్యులరు పుణ్యాన నిలిచింది గానీ ప్రయోగశాల పెద్దరికం రాలేదు. ఒకే ఇంట్లో ఉంటూ కూడా తొమ్మిది రోజులు అతను వదినతో నేరుగా మాట్లాడలేదు. 'ఆవిడ గారిని కాస్త ఉప్పు వెయ్యమను' అని తల్లి ద్వారా కబురు పెట్టేవాడు. పదోరోజు ఉప్పు ఎక్కువైంది. నేరుగా పోట్లాడక తప్పలేదు.

ఒప్పందాన్ని పత్రికలు చారిత్రకమన్నాయి. శాస్త్రం, పరిశ్రమ, ప్రభుత్వం చేయీ చేయీ కలిపాయని ఫొటో వేశాయి. మేడ మీదికి వెళ్లడానికి మోకాలూ నడుమూ ఒప్పుకోక, పెద్దలు యాభైరెండు మెట్లలో మొదటి మూడింటి మీద నిలబడి దిగిన ఫొటో అది. ప్రొఫెసరు దేశాలు తిరిగి ఈ పద్ధతి మీద ఉపన్యాసాలిచ్చాడు. మేనేజరుకు పర్యావరణ మిత్ర జ్ఞాపిక వచ్చింది. అధికారికి పదోన్నతి వచ్చింది. ఫ్యాక్టరీ సంచులన్నీ మార్చింది. సంచులు మారాక, నాలుగు నెలలకు, మూడు పక్షాలూ కలిసి తూచిన కాగితం నూట పదిహేడు చూపించింది. ముందుకన్నా తగ్గింది గానీ వందకు దిగలేదు కాబట్టి రేకుపెట్టె మేడ మీదే ఉంది.