ఖాళీ ఇంటి వాకిలి

నా చిన్నప్పుడు మేము తాండూరులో ఉండేవాళ్లం. నాయన నాపరాయి గనిలో పనికి వెళ్లేవాడు. పక్కింటివాళ్లు నిజాం రాజ్యం పోయిన పోలీసు యాక్షన్ తరువాత తలుపుకు తాళం వేసి, గుల్బర్గాలోని చుట్టాల దగ్గరికి వెళ్లిపోయారు. మొదట ఎవరో ఆ వాకిట్లో పొయ్యి బూడిద పోశారు. తరువాత పేడ, కుళ్లిన కూరగాయలు, చచ్చిన కోడి. అక్కడ చెత్త పోయొద్దని మున్సిపాలిటీ వాళ్లు దండోరా వేయించారు. డప్పు చప్పుడు వినబడినంతసేపు ఆగి, మళ్లీ పోశారు. "వాళ్లు మళ్ల వస్తరా ఏంది?" అనేవాళ్లు. మా ఇంటి చెత్త గంప కూడా అక్కడే బోర్లించేవాళ్లం.

ఆ వానాకాలం మా తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తున్నవాడు. డాక్టరు వచ్చి, వాడి పెదవుల మీది ఈగలను తోలి, కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆ కుప్పను పక్కన పెట్టుకొని పిల్లలను ఎట్ల సాకుతున్నరమ్మా?" అన్నాడు. మర్నాటికి తమ్ముడు పోయాడు.

ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడ్చినట్టు నాకు గుర్తు లేదు. నాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాకు పెట్టింది తిన్నాను, రుచి తెలియలేదు. వచ్చినవాళ్లు నా తల నిమిరితే, అది వేరెవరి తలో అనిపించేది.

దినాలు అయిన మరునాడు అమ్మ కొంగు నడుముకు చుట్టి, పార పట్టుకుని ఆ కుప్పలోకి దిగింది. నాయన కాసేపు చూసి తానూ లేచాడు. యాలాల్ నుంచి మేనమామ ఎడ్లబండి తెచ్చి, పొలానికి ఎరువుగా పనికొచ్చేదంతా ఎత్తుకుపోయాడు. మిగతాది ఊరి బయట గుంత తీసి పూడ్చారు. అడుగున బండలు బయటపడ్డాయి. అమ్మ వాటిని కడిగి, చాట తెచ్చుకుని, అక్కడే కూర్చుని జొన్నలు చెరగసాగింది. నేనూ పక్కన కూర్చున్నాను.

ఎదురింటి పెద్దమ్మ ఎప్పటిలాగే గంప ఎత్తుకుని వచ్చింది.

"జర జరుగు చెల్లె, పోసి పోత."

అమ్మ కదల్లేదు. కోపంగా కూడా చూడలేదు. "పొయ్యక్కా. నా మీదనే పొయ్యి."

"గదేం మాటే! అందరు పోస్తలేరా?"

"నేను గూడ పోసిన. నా కొడుకు పోయిండు. నీ ఇంట్ల మనుమడు పాకుతుండు గదక్కా."

పెద్దమ్మ గంప దించలేదు, కుమ్మరించలేదు. గంపతోనే ఊరి బయటికి నడిచింది. మరునాడు తన చాట తెచ్చుకుని అమ్మ పక్కన కూర్చుంది. ఆ తరువాత ఇంకొందరు వచ్చారు. వానాకాలం అయిపోయేదాకా వీధి ఆడవాళ్లలో ఎవరో ఒకరు అక్కడ కూర్చుని పని చేసుకునేవాళ్లు. చెత్త పోసే అలవాటు తప్పింది. ఆ ఏడు మా వీధిలో ఇంకే పిల్లవాడూ పోలేదు. ఎవరైనా ఆ మాట అంటే అమ్మ తల ఊపేది, అంతే.

తమ్ముడి పేరు ఆమె మళ్లీ ఎత్తలేదు. నాకూ చాలా ఏళ్లదాకా ఏడుపు రాలేదు. మా ఆయన పోయాక ఒకరోజు నేను వీధి మురుగు మోరీలో అడ్డంపడ్డ చెత్త తీస్తుంటే, చూసినవాళ్లు గుండె రాయి చేసుకుందన్నారు. నేను చెత్త తీస్తూనే ఉన్నాను. లోపల ఏదీ కదలని రోజున కూడా చేతులు కదులుతాయనీ, ఆ కదలిక ఇంకొకరి పిల్లలకు అక్కరకొస్తుందనీ నేను మా అమ్మను చూసి నేర్చుకున్నాను.