పొగగొట్టానికి ఆయం

మా పెళ్లి రాహుకాలంలో జరిగింది. పొరపాటున కాదు, నేనే పట్టుబట్టి జరిపించుకున్నాను. 1956లో కోస్తా నుంచి నాంపల్లిలో ఒక కార్యాలయానికి గుమాస్తాగా వచ్చిన నేను, నాలుగేళ్లు తిరిగేసరికి అబిడ్స్ చుట్టుపక్కల జరిగే సంస్కరణ సభల్లో గట్టిగా వాదించేవాడిగా పేరు తెచ్చుకున్నాను. ముహూర్తాలను తిట్టేవాడు ముహూర్తం పెట్టుకుని పెళ్లాడితే మళ్లీ వేదిక ఎక్కే ముఖం ఉంటుందా? అందుకని అమావాస్య, మంగళవారం, రాహుకాలం కలిసి వచ్చే గడియ కోసం ఓపిగ్గా ఎదురుచూశాను. ఆ గడియ ఎప్పుడో తెలుసుకోవడానికి జన్మలో మొదటిసారి పంచాంగం కొన్నాను. ఇందులోని తమాషా అప్పుడు నాకు తట్టలేదు.

అత్తవారిది పాత హైదరాబాదు కుటుంబం. మామగారికి అబిడ్స్‌లో బట్టల దుకాణం. ఆయనకు ఒక్కడే కొడుకు, నాకు బామ్మర్ది. వాడికి గజంబద్ద పట్టుకోవడం కంటే స్పానరు పట్టుకోవడం ఇష్టం. డెబ్బయ్యో దశకం మొదట్లో, మామగారు వాడటం మానేసిన నాలుగు సిలిండర్ల పాత కారును వాడు పట్టుకుని, వెనక సీట్లు పీకి, తలుపుల లోపలి అట్టలు పీకి, బరువు తగ్గించి పందెం కారుగా మార్చాడు. ఊరి బయట విమానాలు దిగడం మానేసిన ఒక మైదానంలో ఆదివారాలు కుర్రకారు చేరేవారు. పందెం అంటే పెద్దగా ఏమీ లేదు. ఒకేసారి రెండు కార్లు, వంపు లేని పావు మైలు, ముందు చేరినవాడు గెలిచినట్టు.

మామగారు కారు అమ్మేస్తానన్నారు. "ఇగ చాలు. రేపటి సంది దుకాణంల కూసో" అని కొడుకుతో తేల్చి చెప్పారు. నేను మధ్యవర్తిగా వెళ్లి రెండు గంటలు వాదించాను. వాదించి ఒక ఒప్పందం సాధించాను. రాబోయే ఆదివారం ఒక్క పందెం. గెలిస్తే మొజంజాహీ మార్కెట్ వెనక గల్లీలో ఒక షెడ్డు కిరాయికి తీసుకుని వర్క్‌షాపు పెట్టుకోవడానికి మామగారు అడ్డు చెప్పరు. ఓడితే కారు అమ్మకం, వాడు గల్లా పెట్టె ముందు. బామ్మర్ది నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ చేతులకు గ్రీజు ఉంది, నా చొక్కా పాడైంది, అయినా నాకు గర్వంగానే ఉంది.

ఇక మిగిలింది పొగగొట్టం. ఇంజనులో మిగతావన్నీ వాడు సరిచేసుకున్నాడు. సైలెన్సరు తీసిపారేశాక, నాలుగు సిలిండర్ల నుంచి నాలుగు గొట్టాలు విడివిడిగా వచ్చి చివర ఒక లావు గొట్టంలో కలవాలి. ఆ నాలుగూ ఎంత పొడుగు ఉండాలన్నదే ప్రశ్న. పొడుగు ఎక్కువైతే బండి కదిలేటప్పుడు ఊపు బాగుంటుంది, తక్కువైతే ఇంజను బాగా తిరిగాక బలం వస్తుంది. మోత ఎంత పెద్దదైతే వేగం అంత పెద్దదని మైదానంలో కుర్రాళ్ల సిద్ధాంతం. మోతకూ బలానికీ సంబంధం లేదని సభల్లో పాతికసార్లు చూసినవాడిని కనక నేను దాన్ని కొట్టిపారేశాను. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో ఒక విదేశీ మోటారు పత్రిక దొరికితే కొని, రాత్రంతా చదివాను. ఇలాంటి ఇంజనుకు ముప్ఫై అంగుళాల నుంచి ముప్ఫై ఆరు దాకా ఏదైనా పనికొస్తుందని, కచ్చితంగా ఎంతన్నది నడిపి చూసి తేల్చుకోవాలని అందులో ఉంది.

ఆ పత్రిక చంకలో పెట్టుకుని, నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో వెల్డింగ్ చేసే ముసలాయన దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయనది కమ్మరి కుటుంబం. తండ్రి బండి చక్రాలకు ఇనప పట్టాలు వేసేవాడట. ఊళ్లో టాక్సీలకు, లారీలకు గొట్టాలు వంచేది ఆయనే. నేను పత్రిక తెరవబోతే చేత్తో ఆపాడు.

"ముప్పై అయిదు పెడదాం సార్."

"ఎందుకని?"

"ఆయం మంచిగున్నది."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇంటికి, మంచానికి, బండికి కొలతను బట్టి శుభాశుభాలు చూసే ఆయం కట్టడం విన్నాను గాని పొగగొట్టానికి కట్టడం ఎక్కడా వినలేదు. లెక్క చెప్పమన్నాను. ఆయన సుద్దముక్క తీసి రేకు మీద రాశాడు. ముప్ఫై అయిదును తొమ్మిదితో గుణిస్తే మూడు వందల పదిహేను. దాన్ని ఎనిమిదితో భాగిస్తే మిగిలేది మూడు. ఎనిమిది ఆయాల్లో మూడోది సింహం.

"సింహాయం సార్. బండి సింహం తీరుగ దుంకుతది."

"మరి ముప్ఫై నాలుగు పెడితే?"

"రెండు మిగుల్తది. ధూమాయం. మంచిది గాదు."

"పొగగొట్టానికి పొగ మంచిది కాదా?" అని అడిగాను. బామ్మర్ది నవ్వాడు. ముసలాయన నవ్వలేదు.

అప్పటికే చుట్టూ పది మంది చేరారు. స్టేషన్ నుంచి వచ్చే కూలీలు, టాక్సీ డ్రైవర్లు. మనుషులు కనబడితే నాకు వేదిక ఎక్కినట్టు ఉంటుంది. "ముప్ఫై నుంచి ముప్ఫై ఆరు లోపల అన్నిటికంటే చెడ్డ ఆయం ఏది?" అన్నాను.

ముసలాయన కాసేపు లెక్క వేశాడు. "ముప్పై. ఆరు మిగుల్తది. ఖరాయం."

"అంటే గాడిద."

"ఔ సార్."

"అయితే గాడిదే పెట్టు. ఆదివారం అది గెలుస్తుంది. గెలిచాక ఈ గల్లీలో ఎవడూ ఆయం మాట ఎత్తకూడదు."

డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. బామ్మర్ది మాత్రం నన్ను పక్కకు లాగాడు. "బావా, నడిపి చూడుమని నీ కితాబులనే ఉన్నది గదా. మొదలు ముప్పై అయిదు పెడదాం. కొయ్యాలంటే తర్వాత కోస్తం. కోసినంక అతికియ్యాలంటే తక్లీఫ్."

మాట న్యాయంగానే ఉంది. గురువారం తెల్లవారగానే ఖాళీ రోడ్డు మీద ముప్ఫై అయిదుతో మూడుసార్లు నడిపాం. స్టాప్‌వాచీ నా చేతిలో. శుక్రవారం అయిదంగుళాలు కోయించి, శనివారం పొద్దున ముప్ఫైతో మూడుసార్లు నడిపాం. మూడుసార్లూ అర సెకను ఆలస్యం. బండి కదిలేటప్పుడు పట్టు లేదని, రెండో గేరులో ఊపు చచ్చిపోతోందని వాడు చెప్పాడు. ఎదురుగాలి వీచిందని నేను చెప్పాను. చెట్ల ఆకులు కూడా కదలని ఉదయం అది.

అక్కడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాం. మా ఆవిడ చాయ్ ఇస్తూ సంగతి అంతా వింది. పెళ్లయి పదేళ్లు దాటింది కనక ఇప్పుడు ఊరుకోవలసిన పని లేదు.

"ఆయం చూసి మంచిది పెట్టుకునేటోళ్లు మూఢులు. మరి ఆయం చూసి చెడ్డది పెట్టుకునేటోళ్లను ఏమంటరు?" అంది.

"అది వేరు. అది ప్రతిఘటన."

"మా ఇంట్ల పంచాంగం కొన్నది మీరొక్కరే. మా నాయన పంతుల్ని అడుగుతడు, అంతే."

బామ్మర్ది చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "బావా, ఇయ్యాల మధ్యాహ్నం లోపట బండి ఇచ్చెటందుకు టైమున్నది. వెల్డింగ్ ఉస్తాద్ తోని అతికిపిచ్చుకుంట. సాయంత్రానికల్ల అయితది."

అప్పుడు నేను చేసిన ఉపన్యాసం నా జీవితంలో మంచివాటిలో ఒకటి. మూడు ప్రయోగాలతో ఏదీ రుజువు కాదన్నాను. ఇప్పుడు వెనక్కి తగ్గితే రేపు గెలిచేది నువ్వు కాదు, సింహమే అన్నాను. అజ్ఞానం ఒక్క గొట్టంతో మొదలై ఇంటి గడప దాకా వస్తుందన్నాను. వాడు ఒకసారి అడ్డం వచ్చి, "ఉస్తాద్ గట్ల చెప్పుడు వేరే, అసలు సంగతేందంటే" అనబోయాడు. నేను వేలెత్తి ఆపాను. అడ్డుతగిలే శ్రోతలను ఆపడం నాకు అలవాటు. గోడ గడియారం ఒంటిగంట కొట్టేసరికి వాడు దాని వైపు చూశాడు. "సరే బావా" అన్నాడు. వాదంలో నేను గెలిచాను.

ఆదివారం పందెంలో వాడి పక్కన నిలబడ్డ కారు మరీ గొప్పదేమీ కాదు. జెండా వాలగానే అది ముందుకు దూకింది. మాది ఒక్క క్షణం తటపటాయించినట్టు కదిలింది. మైదానం చివరికి వచ్చేసరికి మాది బాగానే అందుకుంది, దూరం తగ్గింది, ఇంకో వంద గజాలు ఉంటే దాటేసేదే. ఆ వంద గజాలు లేవు. పందెం పావు మైలు అని ముందే అనుకున్నాం.

మామగారు మాట తప్పే మనిషి కాదు. బుధవారానికి కారు అమ్ముడుపోయింది. గురువారం నుంచి బామ్మర్ది దుకాణంలో కూర్చున్నాడు.

ఓటమి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఇప్పుడు ఆ ముసలాయన గాడిద ఆయం వల్లే కారు ఓడిందని ఊరంతా చాటుతాడు. ఆ ప్రచారాన్ని మొదట్లోనే ఆపాలని ఒక సాయంత్రం నాంపల్లి గల్లీకి వెళ్లాను. పనిలో ఉన్నాడు. నిలబడే మొదలుపెట్టాను. కారు ఓడటానికీ ఆయానికీ సంబంధం లేదని, గొట్టం పొడుగుకూ బలానికీ ఉన్న సంబంధం వేరని వివరించాను.

ఆయన కళ్లద్దాలు నొసటి మీదికి తోసుకున్నాడు. "నాకు తెల్వదా సార్?"

"తెలిస్తే ఆయం ఎందుకు చెప్పావు?"

"గదే ఇంజను టాక్సీలు స్టేషన్ కాడ ఎన్నున్నయి? అన్నిటికి గొట్టాలు నేనే వంచిన. జరంత కోసి నడిపిచ్చి చూసిన, మళ్ల జరంత కోసి చూసిన. ముప్పై అయిదు కాడ మంచి గుంజుడు ఉంటది. గిన్నేండ్ల పని గది."

"ఆ మాటే నాతో చెప్పొచ్చు కదా?"

"పని చేసి తెలుసుకున్న అంటే ఎవ్వరూ వినరు సార్. నీకేం చదువున్నది అంటరు. ఆయం అంటే నోరు మూసుకుంటరు. మీరొక్కరే మూసుకోలే." మళ్లీ అద్దాలు కళ్ల మీదికి దించుకున్నాడు. "మీరు గూడ ఆయమే అడిగిన్రు. ఎందుకు మంచిగ నడుస్తదని అడగలే."

నిజానికి మొదట అడిగింది నేనే, "ఎందుకని" అని. జవాబు వచ్చాక రెండోసారి అడగలేదు. మొదటి జవాబులోనే నాకు కావలసిన ప్రత్యర్థి దొరికాడు.

అక్కడి నుంచి అబిడ్స్‌కు నడిచి వెళ్లాను. దుకాణంలో బామ్మర్ది ఒక థాను విప్పి గజంబద్దతో కొలుస్తున్నాడు. గోళ్లలో నలుపు ఇంకా పోలేదు. ముసలాయన చెప్పినదంతా వాడికి చెప్పాను. వాడు తల ఎత్తలేదు.

"నాకు ఎర్కే బావా. మొదటి రోజే, నువ్వు పోయినంక చెప్పిండు."

"మరి నాకు చెప్పలేదేం?"

"శనివారం చెప్పబోయిన. చెప్పనిచ్చినవా?"

"నా మాట వినకుండా నువ్వే వెళ్లి అతికించుకోవలసింది."

"మా నాయన్ని ఒప్పిచ్చింది నువ్వు. నీ మాట కాదని ఎట్ల పోత?" కత్తెరతో బట్ట అంచును కత్తిరించాడు. ఎంత తిన్నగా కత్తిరించాడంటే, ఇంజను పని చేసే చేతులని ఎవరికైనా తెలుస్తుంది. నేను ఇంకేదో చెప్పడానికి గొంతు సవరించుకున్నాను.

"జర పక్కకు జరుగు బావా," అన్నాడు వాడు, మర్యాదగానే. "గిరాకీ వచ్చింది."