చిక్కు పడిన చోటే కథ

అబయాంగ్ దీవిలో టెకరే పంతులమ్మ పిల్లలకు కథ నేర్పేది పుస్తకంతో కాదు, వేళ్లకు చుట్టిన కొబ్బరిపీచు దారంతో. వేళ్లు మనుషులు, అరచెయ్యి ఊరు, నడుమ పడిన చిక్కు వాళ్ల కష్టం. ఆ చిక్కు జారి విడిపోతే ముగింపు. వానపడే పూటల్లో ఆమెకు అమ్మమ్మ అలాగే నేర్పింది. ఆ దారాన్నే టెకరే బడిదాకా తెచ్చింది.

కొత్త హెడ్‌మాస్టరు కబూటాకు అది గిట్టలేదు. ఒకనాడు పాఠం మధ్యలో వచ్చి, పిల్లల చేతుల్లోని దారాలన్నీ లాక్కుని జేబులో కుక్కుకున్నాడు.

"పంతులమ్మగారూ, ఆటలు ఇంటిదగ్గర ఆడించుకోండి. రేపు మళ్లీ దారం కనబడిందా, మీకీ తరగతి ఉండదు."

"ఈ పూట పాఠమైనా ముగించనివ్వండి సార్," అని ఆమె పిల్లలవైపు తిరిగింది. "ఈ కథలో మనిషెవర్రా?"

"హెడ్‌మాస్టరుగారు," అన్నారు పిల్లలు.

"ఊరు?"

"మన తరగతే."

"మరి చిక్కెక్కడ పడింది?"

"ఆయన జేబులో," అంది ముందు కూర్చున్న పిల్ల.

కబూటా మండిపడి దారాలు బయటికి లాగాడు. అవి ఒకదానికొకటి పెనవేసుకుని ఆయన వేళ్లకే చుట్టుకున్నాయి. ఒకటి లాగితే రెండు బిగిశాయి.

"నవ్వకండర్రా, సార్ ముగింపు వెతుక్కుంటున్నారు," అంది టెకరే. "రేపూ వస్తాను సార్, దారంతోనే వస్తాను. ముందా చెయ్యి ఇలా ఇవ్వండి."

చేసేది లేక ఆయన చెయ్యి చాపాడు. పిల్లలు చాపల మీంచి లేచి చుట్టూ మూగారు. ఆఖరి చిక్కు విడిపోయేదాకా ఆయన కదల్లేదు. రేపటి మాట మళ్లీ ఎత్తనూ లేదు.