తెక్లా నోటుబుక్కులో ఇరవయ్యారో పేరు

నేను అనుమానపు మనిషిని. అందులో దాచుకోవలసిందేమీ లేదు. ముప్ఫై ఏళ్ళుగా సంతబయలు మూల కొట్టు నడుపుతున్నాను. గుడ్లు తెచ్చింది సాక్షాత్తూ చర్చి ఫాదరుగారి వంటమనిషి అయినా సరే, ఒక్కొక్కటీ దీపానికి ఎత్తి చూసుకున్నాకే తీసుకుంటాను. అందుకే అపొలోనియా గ్రొమెక్ గురించి నేనే చెప్పాలి. ఈ ఊళ్ళో ఆవిణ్ణి అందరికంటే ఎక్కువ అనుమానించింది నేనే.

మా ఓల్షెవెట్స్ ఒకప్పుడు పట్నం. రాజుగారి పత్రం, సంత, పట్నపు సభ, అన్నీ ఉండేవి. పోలండులో ఈ భాగమంతా రష్యా చక్రవర్తి చేతిలో ఉన్న రోజుల్లో, తిరుగుబాటుదారులకి తిండి పెట్టారన్న కోపంతో ఆయన మా పట్నాన్ని ఒక్క సంతకంతో పల్లె చేసేశాడు. నూట యాభై ఏళ్ళ కిందటి మాట. కాగితం మీద పల్లె అయ్యాం గానీ మా నోళ్ళలో కాలేదు. కుండలవీధి నుంచి సంతబయలుకి మూడు వందల అడుగులుంటాయి. ఆ కాస్త దూరానికే మా అమ్మలూ అమ్మమ్మలూ తలగుడ్డ సవరించుకుని, సంచీ తీసుకుని, "పట్నానికి వెళ్ళొస్తా" అని చెప్పి మరీ బయల్దేరేవాళ్ళు. మేమూ అలాగే అంటాం. బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ.

అపొలోనియా, మా అందరి నోట్లో పోలా, ఆ కుండలవీధిలోనే పుట్టింది. చెప్పులు కుట్టే ఆయనకి ఆరుగురు పిల్లల్లో నాలుగోది. పదమూడో ఏట జిల్లా బడికి పంపారు, మా వీధి నుంచి అంత దూరం వెళ్ళిన మొదటి ఆడపిల్ల. ఏడాది తిరక్కుండానే మానేసి వచ్చేసింది. ఎందుకే అంటే, "అక్కడ పెట్టే సూపు నాకు పడలేదు" అనేది. తర్వాత పాలకేంద్రంలో ఇరవై ఏళ్ళు పాలు కొలిచింది. మొగుడు ట్రాక్టరు తిరగబడి పోయాడు. ఆ మరుసటేడు మా వాడకి పెద్దగా ఉండడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆవిణ్ణి నిలబెట్టారు. మాది పెద్ద ఊరు, మూడు వాడలు, వాడకో పెద్ద. అలా కూర్చున్న మనిషి ఇరవై నాలుగేళ్ళు లేవలేదు.

వాడపెద్ద అంటే అధికారమేమీ కాదు. వీధిదీపం వెలక్కపోతే ఆవిడ, మంచు తీసే బండి రాకపోతే ఆవిడ, ఎవరి కుక్కో తప్పిపోతే ఆవిడ, ఎవరైనా పోతే పూలచక్రం మోసుకెళ్ళేదీ ఆవిడే. దీనికంతటికీ ప్రభుత్వం ఇచ్చిందల్లా గేటుకి బిగించుకునే ఒక ఎర్ర రేకుపలక. దాని మీద తెల్లక్షరాల్లో ఆ హోదా. ప్రతి శనివారం ఆ పలకని వెనిగరు గుడ్డతో తుడిచేది. తన ఇంటి కిటికీలు కూడా అంత శ్రద్ధగా తుడుచుకోలేదు, నేను చూశాను.

నాలుగేళ్ళ కిందట మండలాధ్యక్షుడు సెవెరిన్ కుల్పా మా అందరినీ అగ్నిమాపక కేంద్రం హాల్లో కూర్చోబెట్టి, మన పట్నం హోదా మనం తిరిగి అడుగుదాం అన్నాడు. ప్రతి ఏడూ జనవరి ఒకటిన కొన్ని పల్లెలు ప్రభుత్వ ఉత్తర్వుతో పట్నాలవుతున్నాయి. జనం రెండు వేలు దాటాలి, వీధులు పట్నం తీరులో ఉండాలి. ముందుగా ఊళ్ళోవాళ్ళని అడగాలి.

"కోళ్ళు పెంచనివ్వరట కదా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"కోళ్ళ జోలికి ఎవరూ రారమ్మా. పన్ను పెరగదు. ఇంటి కాగితాలు మార్చుకునే పనీ లేదు" అన్నాడు సెవెరిన్.

"మరి మారేదేంటి?"

"గౌరవం."

"ఎవరిది?" అన్నాను నేను. హాలంతా గొల్లుమంది. ఎందుకంటే పల్లె పట్నమైతే మండలాధ్యక్షుడు రాత్రికి రాత్రి మేయరవుతాడు. అదే కుర్చీ, అదే మనిషి, కొత్త పిలుపు. అతనికొచ్చే లాభం మాకు తెలియదనుకున్నాడు.

ఇంకో సంగతి అతను చెప్పలేదు, ఎవరో అడిగితే నీళ్ళు నమిలాడు. పట్నంలో వాడపెద్దలు ఉండరు. పట్నం వచ్చిన రోజున అపొలోనియా గేటు మీది పలక దిగిపోతుంది. విచిత్రమేమిటంటే, ఇంటింటికీ కార్డులు పంచి, పెట్టె పెట్టుకుని, ఓట్లు పోగుచేయవలసిందీ వాడపెద్దలే. ఆవిడ ఉద్యోగం ఊడబెరికే కార్డులు ఆవిడ చేతికే ఇచ్చారు. అనుమానం రాకపోతే నేను తెక్లానే కాదు.

కార్డు మీద పేరు ఉండదు. 'కావాలి', 'వద్దు' అని రెండు గళ్ళు, అంతే. ఆవిడ కొట్టుకి వచ్చి నా కార్డు గల్లా మీద పెట్టింది.

"పోలా, నీ పలక పోతుందిగా?" అన్నాను.

"పోతే పోతుంది."

"కొంచెమైనా బాధ లేదూ?"

"నీక్కావలసింది కార్డా, నా బాధా? ముట్టినట్టు ఇక్కడ సంతకం పెట్టు. ఇంకా నలభై ఇళ్ళు తిరగాలి."

ఆ విసురు చూశాక నా అనుమానం రెండింతలైంది. ఓట్ల పెట్టె అపొలోనియా వంటింటి బీరువా మీద ఉంది. తాళంచెవి సెవెరిన్ దగ్గరుందట. ఆ తాళం నా కొట్టులో కొన్నదే, దాని సంగతి నాకు తెలుసు. కూరలు తరిగే కత్తి మొన పెట్టి తిప్పితే వస్తుంది. అందుకని ఒక నోటుబుక్కు తీశాను. రొట్టెకి వచ్చినవాళ్ళని, గసగసాల బన్నుకి వచ్చినవాళ్ళని, వోడ్కాకి వచ్చినవాళ్ళని, అందరినీ అడిగాను: ఏం పెట్టావ్? మా వాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు, అందరూ చెప్పేశారు. కావాలి అన్నవాళ్ళు ఎడం పక్క, వద్దు అన్నవాళ్ళు కుడి పక్క. ఇలా రాసుకోవడం తప్పని నాకు తెలుసు. పెట్టె తెరిచేనాటికి ఒక్క 'కావాలి' తగ్గినా ఆవిడ పీక పట్టుకుందామనే ఉద్దేశం.

కుండలవీధి చివర ఇగ్నాసి తాత ఉంటాడు, తొంభై ఒకటి. అపొలోనియా అతనింటికి ఒకసారి వెళ్ళింది, మూడు రోజులాగి మళ్ళీ వెళ్ళింది. రెండోసారి బయటికొచ్చినప్పుడు పైకోటు జేబులో ఏదో కుక్కుకోవడం నా కళ్ళతో చూశాను. సాయంత్రం తాత బన్నుకి వచ్చాడు.

"ఏం పెట్టావ్ తాతా?"

"వద్దు అని పెట్టా."

"అదేంటీ! జన్మంతా పట్నం పట్నం అంటావుగా!"

"అందుకేనే పిచ్చిమొహమా. మనది ఎప్పుడూ పట్నమే. కావాలి అని గీత పెట్టానంటే, ఆ రష్యావాడు తీసేసిన మాట నిజమని నేనొప్పుకున్నట్టు కాదూ? ఉన్నదాన్ని నేనెందుకు అడుక్కోవాలి?"

ఆయన్ని కుడి పక్క రాశాను. ఆ పేజీ కింద అపొలోనియా పేరు కూడా రాసి మూసేశాను.

డిసెంబరులో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక హాల్లో పెట్టెలు తెరిచారు. మా వాడ నుంచి తొంభై ఏడు కార్డులు వచ్చాయి. నా లెక్క కూడా తొంభై ఏడే. నా పుస్తకంలో కావాలి డెబ్భై ఒకటి, వద్దు ఇరవై ఆరు. సెవెరిన్ లెక్కపెట్టి చదివాడు.

"కావాలి, డెబ్భై రెండు. వద్దు, ఇరవై అయిదు."

నేను తుళ్ళిపడ్డాను. తగ్గుతుందనుకున్నది పెరిగింది! అప్పుడు తట్టింది నాకు. కాబోయే మేయరు ఈవిణ్ణి కొనేశాడు. పట్నపు ఆఫీసులో ఒక కుర్చీ ఆశ పెట్టి ఉంటాడు. ముసలాయన ఇంటికి రెండోసారి ఊరికే వెళ్ళిందా? జేబులో కుక్కుకున్నదేమిటి?

ఒంటికాలి మీద లేచాను. "ఆగండి! ఒక కార్డు మార్చేశారు. ఇగ్నాసి తాతది!"

అపొలోనియా మూడో వరసలో కూర్చుని ఉంది. తల తిప్పలేదు.

ఇగ్నాసి తాత కర్ర పట్టుకుని లేచాడు. "నాది ఎవడూ మార్చలేదు. మొదటి కార్డు చింపి పోగులు పెట్టా. మనల్ని అడగడానికి వీళ్ళెవరని. ఆ పిల్ల ఇంకోటి తెచ్చింది. 'వద్దంటే వద్దనే చెప్పు తాతా, కానీ చెప్పు, ఊరికే ఉండకు' అంది. నేనే గీత పెట్టి నా చేత్తోనే కవర్లో అంటించా. చిరిగిన ముక్కలు కూడా లెక్క చూపించాలని ఏరుకుపోయింది." ఆ పిల్లకి అరవై ఏడేళ్ళు.

అపొలోనియా పైకోటు జేబులోంచి ఒక చిన్న కవరు తీసి బల్ల మీద పెట్టింది. అందులో కార్డుముక్కలున్నాయి.

"మరి నా పుస్తకంలో ఇరవయ్యారు మంది ఎలా ఉన్నారు?" అని అరుస్తూ పేజీ తెరిచి గడగడా పేర్లు చదివేశాను. నా బుర్రకి అప్పుడేమైందో నాకు తెలియదు.

"ఓసి తెక్లా! నా పేరు కూడా చదివేస్తావా, నీ నోరు పడ!" అంటూ కసాయి భార్య లేచింది. ఇంకో ఇద్దరు లేచారు. నేను వినిపించుకోలేదు. ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు అంటూ పోయి ఇరవయ్యారో పేరు దగ్గర నా గొంతు దానంతటదే ఆగిపోయింది.

"ఎవరది?" అన్నాడు సెవెరిన్.

"అపొలోనియా గ్రొమెక్."

"ఆవిడ నీతో చెప్పిందా?"

నాకు తల కొట్టేసినట్టయింది. నేను కాక తొంభై అయిదుగుర్ని అడిగాను. వోడ్కా మత్తులో నిలబడలేనివాణ్ణి కూడా పట్టుకుని అడిగాను. ఆవిణ్ణి మాత్రం అడగలేదు. అడిగేదేముంది, తెలిసిందేగా అనుకున్నాను. అపొలోనియా చేతితొడుగులు వేసుకుంటోంది, ఒక్కో వేలూ నిదానంగా. తర్వాత లేచి, ఎవరివైపూ చూడకుండా, నడిచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏడాది పాటు ఆవిడ నా కొట్టు మెట్లెక్కలేదు. రొట్టె కోసం చర్చి వెనక కొట్టుదాకా నడిచింది, ఆ మోకాళ్ళతో. నేను వెళ్ళి మాట్లాడి ఉండవలసింది. మొహం చెల్లలేదు. ఇంకా సిగ్గుమాలిన సంగతేమిటంటే, జూలైలో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చినప్పుడు కూడా, ఈవిడకి ఏ కుర్చీ దక్కుతుందో చూద్దామని కనిపెట్టుకునే ఉన్నాను. ఏ కుర్చీ రాలేదు. చివరి వారం దాకా వీధిదీపాల కోసం ఫోన్లు చేస్తూనే ఉంది.

జనవరి ఒకటి పొద్దున్న ఓల్షెవెట్స్ పట్నమైంది. గసగసాల రొట్టె ఒకటి గుడ్డలో చుట్టుకుని కుండలవీధికి వెళ్ళాను. అపొలోనియా గేటు దగ్గర మంచులో మోకాళ్ళ మీద కూర్చుని పలక మరలు విప్పుతోంది. మూడు వచ్చేశాయి, నాలుగోది తుప్పు పట్టి కదలడం లేదు.

"ఏం కావాలి నీకు?" అంది, వెనక్కి చూడకుండానే.

"ఏమీ వద్దు."

"నువ్వు ఏమీ వద్దనుకుంటూ ఇంత దూరం రావు."

పక్కన కూర్చుని పలక అంచు పట్టుకున్నాను, ఆవిడ మర తిప్పింది. తర్వాత నేనే అన్నాను: "పోలా, తప్పు చేశాను. నిన్ను అడిగుండాల్సింది."

"ఉండాల్సింది."

"ఇప్పుడు అడుగుతున్నా. పట్నం కావాలా, వద్దా?"

మర ఊడి మంచులో పడింది. దాన్ని వెతికి తీసి, భుజాన ఉన్న పాత శాలువా చివరతో తుడిచి, మిగతా మూడింటితో కలిపి జేబులో వేసుకుంది. అప్పుడు చెప్పింది.

"జిల్లా బడిలో వ్యాసం రాయమన్నారు. పొద్దున్న లేచి ఏం చేస్తావని. 'మా అమ్మ నన్ను రోజూ పట్నానికి పంపుతుంది' అని రాశా. టీచరమ్మ ఎర్ర పెన్సిలుతో కొట్టేసింది. క్లాసులో నన్ను నిలబెట్టింది. 'మీది పల్లె. గట్టిగా చెప్పు, మాది పల్లె' అంది. నలభై మంది నవ్వుతున్నారు. నేను చెప్పలేదు. పదిరోజులు వరసగా నిలబెట్టింది, చెప్పలేదు. తర్వాత వచ్చేశా."

"సూపు పడలేదన్నావుగా!"

"మరి మా నాన్నకి ఏం చెప్పను, నీ వీధిని చూసి నవ్వారనా?"

పలక ఆవిడ ఒళ్ళో ఉంది, వెనిగరు వాసన వేస్తోంది. ఇరవై నాలుగేళ్ళు తుడుచుకున్న పలక. దాని మీద ఆవిడకి ఎంత ప్రేమో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అది పోతుందని తెలిసే 'కావాలి' మీద గీత పెట్టింది.

అపొలోనియా పలకని లోపలికి తీసుకెళ్ళి పెట్టి, తలగుడ్డ సవరించుకుని, ఖాళీ సంచీ పట్టుకుని బయటికి వచ్చింది. గేటు వేసింది.

"ఎక్కడికే?" అన్నాను.

"పట్నానికి."

"ఇవాళ పండగ, కొట్లన్నీ మూసున్నాయి. నాదీ మూసే ఉంది."

"తెలుసు" అంది. నా చెయ్యి పట్టుకుని, ఆ మూడు వందల అడుగులూ నడిచింది.